కాస్మిక్ డెస్క్‌టాప్‌ను తెలుగు పనికి సిద్ధం చేసుకోవడం: పరీక్షలు, మార్పులు, సందేహాలు

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. లైనక్స్ కోసం సిస్టమ్76 సంస్థ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి నుంచి రాసుకొచ్చిన కాస్మిక్ డెస్క్‌టాప్ గురించి ఈ చర్చ. 2024 ఆగస్టులో తొలి ఆల్ఫా, 2025 సెప్టెంబరులో బీటా వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 11న ఆ సంస్థ లైనక్స్ అయిన పాప్ ఓఎస్ 24.04తో కలిసి మొదటి స్థిరమైన విడుదల వచ్చింది. ఆల్ఫా రోజుల్లో చూసి పక్కన పెట్టినవారు కూడా ఇప్పుడు మరోసారి చూడవలసిన స్థితికి చేరిందని నా అభిప్రాయం.

నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. తెర మీద ఎడమ పక్క స్కాన్ చేసిన పుట, కుడి పక్క టైపు చేసిన పాఠం, చేతికందేలా ఒక నిఘంటువు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఈ మూడింటి మధ్యే తిరుగుతాను. ఇప్పుడు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో విండోలను సర్దుకోవడానికే చాలా సమయం పోతోంది. కాస్మిక్‌లో టైలింగ్, అంటే విండోలను తెర మీద గళ్లుగా తనే సర్దే పద్ధతి, వేరే ఎక్స్‌టెన్షన్ అవసరం లేకుండా లోపలే ఉంది కనుక మనసు అటు లాగుతోంది.

కొత్త డెస్క్‌టాప్ గురించి ఎక్కడ చదివినా రంగులు, యానిమేషన్లు, ఎంత మెమరీ తింటుంది అన్నవే కనిపిస్తాయి. మనం అడగవలసినవి వేరు. తెలుగు టైపింగ్ అన్ని యాప్‌లలోనూ పనిచేస్తుందా? ఒత్తులు కత్తిరించుకుపోకుండా కనిపిస్తాయా? నచ్చిన తెలుగు ఫాంటు పెట్టుకోగలమా? వాడి చూసినవారు చెప్పండి. నేనూ ఒక్కొక్కటీ పరీక్షించి ఇక్కడే రాస్తాను.

రాతిగోడ:

మంచి చర్చ మొదలుపెట్టారు. పరీక్షించే పద్ధతి గురించి ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది అభిప్రాయం ఇక్కడే తప్పుదారి పడుతోంది.

వర్చువల్ మెషిన్‌లో చూసి వేగం గురించి తీర్పు చెప్పవద్దు. కాస్మిక్ కంపోజిటర్, అంటే విండోలన్నిటినీ తెర మీద గీసే భాగం, గ్రాఫిక్స్ చిప్పు మీద ఆధారపడుతుంది. వర్చువల్ మెషిన్‌లో ఆ సదుపాయం సరిగా అందకపోతే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది, మౌసు కదిపినా నత్తనడకే. పాప్ ఓఎస్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లో రాసుకుని నేరుగా యంత్రం మీద నడిపి చూడండి. ఫెడోరా వాడేవారికి 42వ విడుదల నుంచి కాస్మిక్ స్పిన్ (కాస్మిక్‌తో సిద్ధంగా వచ్చే కూర్పు) విడిగా ఉంది. ఆర్చ్ అధికారిక రిపాజిటరీల్లోనూ ఉంది. నిక్స్ ఓఎస్‌లో అయితే కాన్ఫిగరేషన్‌లో ఒక పంక్తి చాలు.

ఉన్న గ్నోమ్ పక్కనే కాస్మిక్‌ను వేసుకుని, లాగిన్ తెర మీద ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. కానీ పరీక్షకు తప్పకుండా కొత్త యూజర్ ఖాతా తెరవండి. కాస్మిక్ సెట్టింగులలో తన రంగులను గ్నోమ్ యాప్‌లకు కూడా పూసే మీట ఒకటి ఉంది. అది గ్నోమ్ యాప్‌ల టూల్‌కిట్ అయిన జీటీకే ఫోల్డర్‌లో ఒక స్టైల్ ఫైలు రాస్తుంది. తర్వాత మీరు గ్నోమ్‌లోకి తిరిగి వెళ్లినా ఆ ఫైలు అక్కడే ఉంటుంది కనుక యాప్‌లన్నీ కాస్మిక్ రంగుల్లోనే కనిపిస్తాయి. ఇది చూసి వ్యవస్థ పాడైందని కంగారుపడినవారిని చాలామందిని చూశాను. వేరే ఖాతాలో ప్రయత్నిస్తే మీ అసలు ఖాతా చెక్కుచెదరదు.

గోరువంక:

టైపింగ్ సంగతి నేను చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు అమరిక వాడేవారికి ఇక్కడ పెద్ద మేలు ఉంది, దాన్ని ఎవరూ గుర్తించడం లేదు.

లైనక్స్‌లో తెలుగు టైపు చేయడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి కీబోర్డు లేఅవుట్, అంటే ఎక్స్‌కేబీ. ఇందులో ఒక్కో మీట నేరుగా ఒక్కో తెలుగు అక్షరాన్నో గుర్తునో పంపుతుంది. రెండోది ఐబస్, ఎఫ్‌సిటిఎక్స్ వంటి ఇన్‌పుట్ మెథడ్. ఇందులో మీరు ఆంగ్ల అక్షరాలు కొడితే మధ్యలో ఒక ప్రోగ్రామ్ వాటిని తెలుగులోకి మార్చి యాప్‌కు అందిస్తుంది. రెండో దారి పనిచేయాలంటే కంపోజిటర్, ఇన్‌పుట్ మెథడ్, యాప్ మూడూ ఒకే ప్రోటోకాల్‌లో మాట్లాడుకోవాలి. మూడింటిలో ఒక్కటి మాట్లాడకపోయినా టైపింగ్ ఆగిపోతుంది. మొదటి దారికి ఆ మధ్యవర్తిత్వమే లేదు. ఆంగ్లం టైపు చేయగలిగే ప్రతి యాప్‌లోనూ తెలుగు కూడా పడుతుంది.

ఎక్స్‌కేబీలో మనకు మూడు రకాలు ఉన్నాయి: మామూలు తెలుగు (అంటే ఇన్‌స్క్రిప్ట్ అమరిక), కగప ధ్వన్యాత్మక అమరిక, సరళ. సెట్టింగులలో కీబోర్డు భాగంలోకి వెళ్లి ఇన్‌పుట్ సోర్సులలో తెలుగును చేర్చండి. సూపర్ (విండోస్ గుర్తు ఉండే మీట), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ప్యానెల్ మీద ఆప్లెట్ పెట్టుకుంటే ఇప్పుడు ఏ భాషలో ఉన్నారో కనిపిస్తుంది. "తెలుగు" అని రాయాలంటే వరుసగా ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి నొక్కాలి. ఎల్ త, జెడ్ ఎత్వం, ఎన్ ల, జి కొమ్ము, ఐ గ, మళ్లీ జి కొమ్ము. "క్ష" కావాలంటే కె, డి, తర్వాత షిఫ్టుతో కామా. హల్లులు ఎక్కువగా కుడిచేతికి, గుణింతం గుర్తులు ఎక్కువగా ఎడమచేతికి వస్తాయి. కుడి ఎడమ చేతులు మారిమారి పడతాయి కనుక అలవాటైతే చాలా వేగం వస్తుంది.

జాబితాలో ఆంగ్లాన్ని ఎప్పుడూ మొదట ఉంచండి. పాస్‌వర్డు తెర దగ్గర తెలుగు లేఅవుట్ ఉంటే లోపలికి వెళ్లడం కష్టం.

వానచినుకు:

గోరువంక గారూ, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాకు ఇన్‌స్క్రిప్ట్ రాదు, "అమ్మ" కావాలంటే ఆంగ్లంలో కొట్టడమే అలవాటు. నాకు దారి ఏమిటి? ఇంకో సందేహం: తెలుగు లేఅవుట్‌లో ఉన్నప్పుడు కంట్రోల్, సి కలిపి నొక్కితే కాపీ అవుతుందా? సి దగ్గర మ ఉంది కదా.

గోరువంక:

రెండో సందేహం నుంచి మొదలుపెడతాను. జీటీకే, క్యూటీ వంటి టూల్‌కిట్లు తెలుగు అక్షరంతో షార్ట్‌కట్ దొరక్కపోతే జాబితాలో ఉన్న మిగతా లేఅవుట్లలో ఆ మీటకు ఏ ఆంగ్ల అక్షరం ఉందో చూస్తాయి. కాబట్టి ఆంగ్లం జాబితాలో ఉంటే కాపీ అవుతుంది. తెలుగు ఒక్కటే ఉంచుకుంటే వెతకడానికి ఏమీ ఉండదు. ఆంగ్లాన్ని తీసేయవద్దని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

మొదటి దానికి ఎఫ్‌సిటిఎక్స్ 5, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అందులో తెలుగుకు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన అమరికలన్నీ ఉన్నాయి. కాస్మిక్ కంపోజిటర్‌లో ఇన్‌పుట్ మెథడ్‌కు కావలసిన వేల్యాండ్ (యాప్‌లు తెరతో, మీటలతో మాట్లాడే కొత్త పద్ధతి) ప్రోటోకాల్స్ ఉన్నాయి. సెట్టింగులలో లాగిన్ కాగానే మొదలయ్యే యాప్‌ల జాబితాలో ఎఫ్‌సిటిఎక్స్‌ను చేర్చండి.

పాత గ్నోమ్ రోజుల్లో పర్యావరణ చలరాశుల్లో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) జీటీకేకు, క్యూటీకి ఐబస్ వాడమని ఎవరైనా రాసి ఉంటే ఆ పంక్తులు తీసేయండి. అవి ఉన్నంత కాలం యాప్ వేల్యాండ్ దారి వదిలేసి, నడవని ఐబస్ కోసం చూస్తూ ఉంటుంది. తెలుగు రావడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట వెతికేది ఇదే. క్రోమియం కుటుంబం బ్రౌజర్లు వాడేవారు వాటి వేల్యాండ్ ఐఎంఈ ఐచ్ఛికాన్ని కూడా చూసుకోవాలి.

కొత్త యాప్ వేసుకున్నప్పుడల్లా ముందు ఒక తెలుగు వాక్యం టైపు చేసి, అది పడిన తర్వాతే మిగతా సంగతులు చూడండి. ఇంకా చదువుకునే వయసు కదా, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో. ఏ డెస్క్‌టాప్ వచ్చినా, పోయినా నీకు ఇబ్బంది ఉండదు.

నీలిగడప:

నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వాడతాను, వేల్యాండ్‌కు ముందున్న పాత పద్ధతి ఎక్స్11 మీద. మార్చే ఆలోచన లేదు. నా పనిలో తరచుగా వచ్చే పదబంధాలకు చిన్న సంకేతాలు పెట్టుకున్నాను. రెండక్షరాలు కొడితే మొత్తం వాక్యం పడుతుంది. అది ఎక్స్11లో ఆటోకీతో జరుగుతుంది. వేల్యాండ్‌లో ఒక యాప్ ఇంకో యాప్‌లోకి మీటలు పంపకూడదు, ఇంకో యాప్ మీటలు వినకూడదు. భద్రత కోసమే అంటారు, ఆ వాదన నాకు తెలుసు. కానీ నా పని ఆగిపోతుంది. కాస్మిక్‌లో ఎక్స్11 సెషన్ లేనే లేదు.

పైగా బడులకు, చిన్న కార్యాలయాలకు విరాళంగా వచ్చే పాత యంత్రాలను నేను బాగుచేసి ఇస్తుంటాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిన తర్వాత ఇలాంటివి బోలెడు వస్తున్నాయి. వాటి గ్రాఫిక్స్ చిప్పులకు కాస్మిక్ బరువే. కొత్తది వచ్చిందని అందరికీ అదే చెప్పవద్దు.

రాతిగోడ:

పాత యంత్రాల విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. గ్రాఫిక్స్ మద్దతు బలహీనంగా ఉన్న యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈయే తగినది, నేనూ అదే పెడతాను.

కానీ ఎక్స్11 మీద ఎంత కాలం ఉండగలరో ఆలోచించండి. గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్‌ను అప్రమేయంగా తీసేశారు. కేడీఈ వారి ప్లాస్మా డెస్క్‌టాప్ కూడా 6.8 నుంచి వదిలేస్తామని ప్రకటించింది. సంకేతాల విషయానికి వస్తే, ఎఫ్‌సిటిఎక్స్‌లో క్విక్‌ఫ్రేజ్ అనే సదుపాయం ఉంది. ఒక మామూలు పాఠ్య ఫైలులో పంక్తికి ఒకటి చొప్పున సంకేతం, ఖాళీ, దాని పక్కన పూర్తి పదబంధం రాసుకుంటే చాలు. ఇన్‌పుట్ మెథడ్ ద్వారా వస్తుంది కనుక వేల్యాండ్ భద్రతా నియమాలకు అడ్డం రాదు. మీ ఆటోకీ జాబితాను ఆ రూపంలోకి మార్చడం కష్టమైన పని కాదు. కావాలంటే నేను స్క్రిప్టు రాసిస్తాను.

నీలిగడప:

క్విక్‌ఫ్రేజ్ సంగతి బాగుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలోనే ముందు వాడి చూస్తాను. స్క్రిప్టు పంపండి.

పొద్దుతిరుగుడు:

కొత్త ఖాతాలో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నాను. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, కాస్మిక్ ఎడిట్, ఫైళ్ల పేర్లు, లాంచర్ వెతుకులాట, అన్నిట్లోనూ తెలుగు పడుతోంది. గోరువంక గారూ, ధన్యవాదాలు.

అక్షరరూపం పరీక్షించడానికి ఈ వాక్యం వాడుతున్నాను, మీరూ వాడుకోండి: "ఊర్ధ్వపుండ్రం దిద్దుకున్న కృష్ణశాస్త్రి జ్ఞానార్జనకై రాష్ట్రమంతా తిరిగితే, లక్ష్మి ఇంట్లోనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది." ఇందులో ర్ధ్వ, స్త్రి, జ్ఞ, ష్ట్ర, క్ష్మి ఉన్నాయి. మూడు హల్లులు కలిసినప్పుడు కింది ఒత్తు రెండో వరుసలోకి దిగుతుంది. పంక్తుల మధ్య ఎడం తక్కువగా ఉంటే అది కత్తిరించుకుపోతుంది. కాస్మిక్ ఎడిట్‌లో సంయుక్తాక్షరాలన్నీ సరిగా కూడుతున్నాయి.

రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది, "సాఫ్ట్‌వేర్" రాసేటప్పుడు ట పొల్లు తర్వాత వ విడిగా ఉండాలి. దానికి కావలసిన జెడ్‌డబ్ల్యూఎన్‌జే (రెండు అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) అక్షరం ఈ లేఅవుట్‌లో ఎక్కడుందో దొరకలేదు. అది లేకుండా కొడితే "సాఫ్ట్వేర్" అని వ వెళ్లి ట కింద కూర్చుంటోంది. ప్రూఫుల్లో ఇవి పుటకు పది వస్తాయి. రెండోది, నేను లైనక్స్‌లో ఫాంట్ల ఎంపిక చూసే ఫాంట్‌కాన్ఫిగ్‌లో తెలుగుకు మండలి ఫాంటు ముందు వాడమని రాసుకున్నాను. ఫైర్‌ఫాక్స్ వింటోంది, కాస్మిక్ యాప్‌లు వినడం లేదు.

గోరువంక:

మొదటి దానికి నా దగ్గర మంచి విరుగుడు ఉంది. ఎక్స్‌కేబీలో షిఫ్టు, స్పేస్ కలిపి నొక్కితే జెడ్‌డబ్ల్యూఎన్‌జే వచ్చే ఐచ్ఛికం ఒకటి ఉంది. దాని పేరు ఎన్‌బీఎస్‌పీ, కోలన్, జెడ్‌డబ్ల్యూఎన్‌జే, 2. చిన్న ఆంగ్ల అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. దీన్ని కాస్మిక్ సెట్టింగుల తెరలో వెతకకుండా నేరుగా ఫైలులో రాసుకోండి.

హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ తెరిచి, అందులో కాస్మిక్, దానిలో కాస్మిక్‌కాంప్ పేరుతో ముగిసే ఫోల్డర్, దానిలో వీ1 లోపలికి వెళ్లండి. ఎక్స్‌కేబీ, కింది గీత, కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. తెరిస్తే లేఅవుట్, వేరియంట్, ఆప్షన్స్, మీట నొక్కి పట్టినప్పుడు ఎంత వేగంగా పునరావృతం కావాలి వంటివి కొన్ని పంక్తులు కనిపిస్తాయి. ఆప్షన్స్ దగ్గర ఏమీ లేకపోతే నన్ అని ఉంటుంది. దాన్ని తీసి, సమ్ అని రాసి, కుండలీకరణాల్లో, ఉద్ధరణ చిహ్నాల మధ్య పైన చెప్పిన పేరు పెట్టండి. సేవ్ చేయగానే అమల్లోకి వస్తుంది, లాగౌట్ అవసరం లేదు. ఇక ట, పొల్లు, షిఫ్టుతో స్పేస్, వ, ఏత్వం, ర, పొల్లు.

రాతిగోడ:

గోరువంక గారు చూపించిన ఈ ఫైలే కాస్మిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ప్రతి సెట్టింగ్‌కూ ఒక చిన్న ఫైలు. అన్నీ రాన్ అనే రూపంలో, మనిషి చదవగలిగే అక్షరాల్లో ఉంటాయి. గ్నోమ్‌లో ఇవన్నీ డీకాన్ఫ్ అనే ఒకే బైనరీ ఫైలులో ఉంటాయి, దాన్ని చూడటానికి వేరే పనిముట్టు కావాలి. ఇక్కడ ఏ పాఠ్య ఎడిటర్ అయినా చాలు. యాప్‌లు ఈ ఫైళ్లను గమనిస్తూ ఉంటాయి కనుక మార్పు వెంటనే కనిపిస్తుంది.

దీనివల్ల రెండు లాభాలు. ఆ కాస్మిక్ ఫోల్డర్ మొత్తం మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకుంటే, ఏ సెట్టింగ్ మార్చినప్పుడు ఏ ఫైలులో ఏ పంక్తి మారిందో తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఏదైనా వికటిస్తే ఆ ఒక్క ఫైలు తీసేస్తే ఆ ఒక్క సెట్టింగ్ మాత్రమే మొదటి స్థితికి వస్తుంది, మిగతావి కదలవు. కొత్త యంత్రానికి మారినప్పుడు ఫోల్డర్ కాపీ చేసుకుంటే ప్యానెల్, షార్ట్‌కట్లు, రంగులు, కీబోర్డు అన్నీ వచ్చేస్తాయి.

ఇక ఫాంటు సంగతి. కాస్మిక్ యాప్‌లు అక్షరాలు గీయడానికి కాస్మిక్ టెక్స్ట్ అనే సొంత లైబ్రరీ వాడతాయి. అది ఫాంట్లు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో ఫాంట్‌కాన్ఫిగ్ నుంచి తెలుసుకుంటుంది కానీ, మీరు రాసుకున్న ఎంపిక నియమాలను జీటీకే యాప్‌లలా పాటించదు. ప్రధాన ఫాంటులో లేని లిపి ఎదురైతే ఏది వాడాలో దాని లోపలే ఒక పట్టిక ఉంది. లైనక్స్‌లో తెలుగుకు అందులో ఉన్న పేరు నోటో సాన్స్ తెలుగు. కాబట్టి ముందు ఆ ఫాంటు యంత్రంలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తెలుగు అక్షరాలున్న ఇంకేదో ఫాంటు దొరికినట్టు వస్తుంది.

మండలే కావాలంటే ఫాంట్‌కాన్ఫిగ్‌ను వదిలేసి, సెట్టింగులలో ఇంటర్‌ఫేస్ ఫాంటుగా మండలిని పెట్టండి. అందులో ఆంగ్ల అక్షరాలు కూడా ఉన్నాయి కనుక రెండు లిపులూ దాని నుంచే వస్తాయి, పట్టిక వైపు వెళ్లవలసిన పనే ఉండదు. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన రామభద్ర, గిడుగు, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి స్వేచ్ఛా ఫాంట్లలోనూ ఆంగ్లం ఉంది. కానీ మెనూలకు రామభద్ర మరీ బొద్దుగా ఉంటుంది, శీర్షికలకే బాగుంటుంది.

వానచినుకు:

నాకు టెర్మినల్‌లో తెలుగు చిందరవందరగా వస్తోంది. ఫైల్ పేరు "లక్ష్మి" అయితే అక్షరాల మధ్య ఖాళీలు, కర్సర్ ఎక్కడో ఉంటోంది. ఇది కూడా ఫాంటు సమస్యేనా?

రాతిగోడ:

కాదు, ఇది ఫాంటు మార్చినా పోదు, ఇంకో టెర్మినల్‌కు మారినా చాలావాటిలో ఉంటుంది. టెర్మినల్ తెరను గళ్లుగా విభజించి ఒక్కో అక్షరానికి ఒక గడి ఇస్తుంది. ఎన్ని గళ్లు ఇవ్వాలో యూనికోడ్ వర్గీకరణను చూసి లెక్కిస్తుంది. తెలుగులో గుడి, ఎత్వం, పొల్లు వంటివి సొంత వెడల్పు లేని గుర్తులుగా వర్గీకరించి ఉన్నాయి. కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఋత్వం మాత్రం వెడల్పున్న గుర్తులు. ఇక "క్ష్మి"లో క, ష, మ మూడు హల్లులు. టెర్మినల్ లెక్కలో మూడు గళ్లు, తెర మీద గీసినప్పుడు మాత్రం ఒకే కూడిక. మిగిలిన గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఇది భారతీయ లిపులన్నిటికీ ఉన్న పాత చిక్కు.

టెర్మినల్ పనికి ఫైళ్ల పేర్లు ఆంగ్లంలో ఉంచు. తెలుగు పేర్లున్నవి కాస్మిక్ ఫైల్స్‌లో చూసుకో, అక్కడ సరిగా వస్తాయి.

చిత్రమాలిక:

ఇప్పటిదాకా రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటాను. రోజంతా తెర చూసేవారికి ఇది అలంకారం కాదు, కంటి ఆరోగ్యం.

కాస్మిక్‌లో వెలుతురు థీమ్, చీకటి థీమ్ విడివిడిగా దిద్దుకోవచ్చు. సూర్యాస్తమయానికి ఒకదాని నుంచి ఇంకోదానికి తనంతట తానే మారేలా పెట్టవచ్చు. ప్రధాన రంగు, విండో నేపథ్యం, లోపలి పెట్టెల నేపథ్యం, అక్షరాల ఛాయ అన్నీ వేరువేరు. నేపథ్యం రంగు ఇస్తే దాని మీద మీటల, గీతల ఛాయలను అదే లెక్కగట్టుకుంటుంది. గ్నోమ్‌లో ఇంత స్వేచ్ఛ కావాలంటే స్టైల్ ఫైళ్లు చేత్తో రాయాలి.

పొద్దుతిరుగుడు గారి పనికి నా సలహా: స్కాన్ పుటలు ఎలాగూ పాతకాగితం రంగులో ఉంటాయి. పక్కనే తెల్లటి ఎడిటర్ ఉంటే కన్ను రెండు వెలుగుల మధ్య ప్రతి పంక్తికీ సర్దుకోవాలి. వెలుతురు థీమ్‌లో విండో నేపథ్యానికి ఎరుపు 246, ఆకుపచ్చ 239, నీలం 222 ఇవ్వండి. అక్షరాలకు నిండు నలుపు కాకుండా ముదురు గోధుమ ఛాయ. ప్రధాన రంగుగా ఇటుక ఎరుపు. విండోల మూలలు చతురస్రంగా, మధ్య ఎడం సున్నా. పుట అంచు నుంచి పాఠం అంచు దాకా అడ్డంకి లేకుండా చూపు జారుతుంది. యాక్టివ్ విండో చుట్టూ వచ్చే గీతను మాత్రం తీసేయవద్దు, సన్నగానైనా ఉంచండి. టైలింగ్‌లో మీటలు ఏ విండోలోకి పోతున్నాయో చెప్పేది అదొక్కటే.

అంతా కుదిరాక థీమ్‌ను ఎగుమతి చేస్తే ఒకే రాన్ ఫైలుగా వస్తుంది. ఇక్కడ పెట్టండి, మిగతావారు దిగుమతి చేసుకుంటారు. ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే వ్యవస్థ నుంచి వేరుచేసిన పెట్టెలో నడిచేలా, వేసుకున్న గ్నోమ్ యాప్‌లకు ఈ రంగులు అంటాలంటే జీటీకే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను చదివే అనుమతి విడిగా ఇవ్వాలి.

వానచినుకు:

టైలింగ్ గురించి నేను చెప్పవచ్చా? నాకు ఇదే ఇష్టమైన భాగం.

సూపర్, వై నొక్కితే ఆ వర్క్‌స్పేస్‌లో మాత్రమే టైలింగ్ మొదలవుతుంది. మిగతా వర్క్‌స్పేస్‌లు మామూలుగానే ఉంటాయి. నేను ప్రోగ్రామ్ రాసే చోట టైలింగ్, సినిమాలూ బ్రౌజరూ ఉండే చోట మామూలు పద్ధతి. సూపర్‌తో బాణం మీట నొక్కితే ఒక విండో నుంచి ఇంకో విండోకు వెళ్లవచ్చు, షిఫ్టు కూడా కలిపితే విండోయే కదులుతుంది. సూపర్, ఓ నొక్కితే పక్కపక్కన ఉన్నవి ఒకదాని కింద ఒకటిగా మారతాయి. సూపర్, ఆర్ నొక్కి బాణాలతో వెడల్పు పెంచుకోవచ్చు. మౌసుతో పట్టుకుని లాగినా ఎక్కడ పడుతుందో ముందే చూపిస్తుంది, అందుకే కొత్తవారికి భయం ఉండదు. ఐ3, స్వే వంటి టైలింగ్ విండో మేనేజర్లు నేర్చుకోవాలంటే మొదటి రోజే కాన్ఫిగ్ ఫైలు రాసుకోవాలి, ఇక్కడ ఆ అవసరం లేదు.

పొద్దుతిరుగుడు గారికి నిఘంటువు, పాఠం ఒకే చోట కావాలంటే స్టాక్ బాగుంటుందండీ. ఎడిటర్ మీద ఉండి సూపర్, ఎస్ నొక్కండి. పైన ట్యాబుల వరుస వస్తుంది. నిఘంటువు విండోను లాగి దాని మీద వదిలితే రెండూ ఒకే గడిలో ట్యాబులుగా ఉంటాయి. అవి వేరువేరు యాప్‌లైనా ఫర్వాలేదు. చిన్న విండో ఏదైనా గడిలో ఇమడకుండా ఇబ్బంది పెడితే సూపర్, జి నొక్కితే అది ఒక్కటే తేలుతుంది.

సన్నజాజి:

చర్చ మొత్తం చదివాను. నేను ఉపాధ్యాయురాలిని, మా నాన్నగారికి కంప్యూటర్ సిద్ధం చేస్తున్నాను. ఆయనకు చూపు తగ్గింది. ఉదయం తెలుగు పత్రికలు చదువుతారు, మనవలతో వీడియోలో మాట్లాడతారు, అంతే. ప్యానెల్, డాక్ రెండు ఉండటం ఆయనకు అయోమయంగా ఉంది. తేలిక చేయడం ఎలా?

చిత్రమాలిక:

సన్నజాజి గారూ, డాక్‌ను సెట్టింగులలో పూర్తిగా ఆపేయండి. ప్యానెల్‌ను కిందికి మార్చి, పరిమాణం పెద్దది చేయండి. ప్యానెల్ ఆప్లెట్ల జాబితాలో డాక్‌లో ఉండే యాప్‌ల వరుసను కూడా చేర్చవచ్చు. దాన్ని మధ్యలో పెట్టి, బ్రౌజర్, వీడియో యాప్ రెండే అతికించండి. కుడివైపు గడియారం, శబ్దం, వైఫై ఉంచి మిగతావన్నీ తీసేయండి. టైలింగ్ వద్దు.

చూపు కోసం యాక్సెసిబిలిటీ భాగంలో భూతద్దం ఉంది. సూపర్ పట్టుకుని మౌసు చక్రం తిప్పితే తెర మొత్తం పెద్దదవుతుంది, మౌసు ఎటు వెళితే అటు కదులుతుంది. వార్తలు చదవడానికి హాయిగా ఉంటుంది. అధిక కాంట్రాస్ట్ మీట, వర్ణాంధత్వం ఉన్నవారికి రంగుల వడపోతలు కూడా అక్కడే ఉన్నాయి. డిస్‌ప్లే స్కేల్‌ను 125 లేదా 150 శాతానికి పెంచితే చాలావరకు భూతద్దం అవసరమే రాకపోవచ్చు. ముందు అది చేసి ఆయనను అడగండి.

సన్నజాజి:

150 శాతం పెట్టాను. పత్రిక శీర్షిక చదివి, "ఇప్పుడు ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయి" అన్నారు. భూతద్దం కూడా చూపించాను, ప్రకటనల్లోని చిన్న అక్షరాలకు వాడుతున్నారు. చిత్రమాలిక గారికి మా ఇద్దరి నుంచీ ధన్యవాదాలు.

పొద్దుతిరుగుడు:

అందరి సలహాలూ అమలు చేశాక ఇప్పుడు నా యంత్రం ఇలా ఉంది. మొదటి వర్క్‌స్పేస్‌లో టైలింగ్: ఎడమ సగం స్కాన్ పుట, కుడి సగం ఎడిటర్, నిఘంటువు స్టాక్‌గా. ఇంటర్‌ఫేస్ ఫాంటు మండలి. రంగులు చిత్రమాలిక గారు చెప్పినవే, ఇటుక ఎరుపు బదులు ముదురు ఆకుపచ్చ. షిఫ్టు, స్పేస్‌తో జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఠక్కున పడుతోంది. పాత అచ్చులో అరిగిపోయిన అరసున్న ఉందా, కాగితం మీద మచ్చా అన్న సందేహం వచ్చినప్పుడు భూతద్దం మేలు చేస్తోంది. ఇది నేను ఊహించని లాభం.

అను ఫాంట్లలో వచ్చే పాత ఫైళ్ల పని మాత్రం కాస్మిక్‌తో సంబంధం లేని చిక్కు. అవి యూనికోడ్ కావు, ముందు మార్చుకునే చేతికి తీసుకోవాలి. ఆ మార్పిడి యంత్రం వేరే ఉంది, అలాగే ఉంచుతాను. మిగతా పని అంతా కాస్మిక్‌లోకి తెచ్చేశాను. గ్నోమ్‌ను తీసేయడం లేదు కానీ లాగిన్ తెర మీద దాన్ని ఎంచుకోవలసిన అవసరం రావడం లేదు.

ఇక మిగిలింది మెనూలు. అక్షరం ఇంత చక్కగా వస్తున్న చోట మెనూలు కూడా తెలుగులో ఉండాలని నా కోరిక. ఎలా మొదలుపెట్టాలి?

గోరువంక:

కాస్మిక్ యాప్‌లు అనువాదాలకు ఫ్లూయెంట్ అనే పద్ధతి వాడతాయి. ప్రతి యాప్ మూలంలోనూ ఐ18ఎన్ ఫోల్డర్, అందులో భాషకో ఫోల్డర్, దానిలో ఒక పాఠ్య ఫైలు. ఎడమ పక్క సందేశం పేరు, సమాన చిహ్నం, కుడి పక్క వాక్యం. ఫ్లూయెంట్‌లో ఏకవచన బహువచనాలకు వేరువేరు వాక్యాలు రాయవచ్చు కనుక "1 ఫైలు తొలగించబడింది", "5 ఫైళ్లు తొలగించబడ్డాయి" రెండూ సహజంగా వస్తాయి. నిజానికి "తొలగించాం" అని రాస్తే ఇంకా బాగుంటుంది, కర్మణి వాక్యాలు మన మెనూలను బరువెక్కిస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ఏ యాప్‌లో ఎంత అయిందో చూసి, ఖాళీగా ఉన్నవే పంచుకుందాం. ఒకే ఫైలు మీద ఇద్దరు పడకూడదు. ప్యానెల్ ఆప్లెట్లు చిన్నవి, వానచినుకు తీసుకుంటే బాగుంటుంది. కాస్మిక్ ఫైల్స్ నేను చూస్తాను.

వానచినుకు:

ఆప్లెట్లు నాకు ఇవ్వండి. మూలాన్ని దించుకుని బిల్డ్ చేయడం వచ్చు. భాషను తెలుగుగా పెట్టి నడిపి, వాక్యం పొడవెక్కి మీట బయటికి పొంగుతుంటే తెర చిత్రం తీసి ఇక్కడ పెడతాను.

పొద్దుతిరుగుడు:

అందరి ఫైళ్లకూ ప్రూఫ్ నేను చూస్తాను. కాస్మిక్ ఎడిట్ అనువాదం కూడా నాదే.

నీలిగడప:

రాతిగోడ గారి స్క్రిప్టు పనిచేసింది, నా పదబంధాలన్నీ క్విక్‌ఫ్రేజ్‌లోకి వచ్చాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వదలను. కానీ అనువాదంలో నన్నూ చేర్చుకోండి. కాస్మిక్ సెట్టింగ్స్ పెద్దది, ఒక్కరితో కాదు. అందులో డిస్‌ప్లే, కీబోర్డు భాగాలు నాకు వదిలేయండి.